కొత్త చేతులు కావలెను

పోర్తో మౌరేలో పట్టణ ప్రజలకు పురపాలక సంఘం సంతోషంతో తెలియజేసినదేమంటే, ఊరికి ప్రాణమూ, గలీసియా తీరానికంతటికీ తలమానికమూ అయిన, దిండు మీద చెక్క కండెలతో దారాలు పెనవేసి అల్లే కండెల లేసు ఈ ఏడాది కూడా చనిపోవడం లేదు. మేయర్ బాల్తసార్‌గారు ఈ విషయాన్ని లేసు ఉత్సవం వేదిక మీద నుంచి గద్గద స్వరంతో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ తరవాత అందరూ కలిసి ఉడికించిన ఆక్టోపస్ అమ్మే గుడారం ముందు వరసలో నిలబడ్డారు.

లేసు చనిపోకుండా ఊరు తీసుకున్న జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. ఒడిలో దిండు పెట్టుకుని లేసు అల్లుతున్న ఆడమనిషి విగ్రహాన్ని కంచుతో పోయించి రేవు ఎదుట కూర్చోబెట్టారు. దానికైన ఖర్చు వల్ల లేసు తరగతి గది పైకప్పు బాగుచేయించే పని కొంచెం వెనకబడింది. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. కంచు మనిషి తడిస్తే పచ్చబడుతుంది, మామూలు మనిషి తడిస్తే తుమ్ముతుంది. ఏది కాపాడుకోదగినదో ఎవరైనా చెప్పగలరు. లేసు పేరుతో ఒక వీధి, ఒక ఫుట్‌బాల్ జట్టు, ఒక రకం బిస్కట్ కూడా ఉన్నాయి. లేనిదల్లా నేర్చుకునేవాళ్లు.

ఈ లోటు మొదట కనిపెట్టింది ఎర్మీనియా. ఆమె దుకాణం తరగతి గదికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. దారాలు, గుండుసూదులు, దిండ్లు, చెక్క కండెలు, కన్నాలు పొడిచిన నమూనా అట్టలు అమ్ముతుంది. తరగతి నిర్వహణ సంఘానికి కార్యదర్శి కూడా ఆమే. ఆ పదవికి ఎన్నిక జరిగిన రోజు జలుబు చేసి ఆమె సమావేశానికి వెళ్లలేకపోయింది.

ఎర్మీనియా లోకంలోని మనుషులను రెండు రకాలుగా లెక్కగడుతుంది. లేసు వచ్చినవాళ్లు మొదటి రకం. వాళ్లంటే ఆమెకు ఎంతో గౌరవం, వాళ్ల వల్ల దమ్మిడీ లాభం లేదు. దిండు అమ్మమ్మది, కండెలు అత్తగారివి, సూదులు తుప్పు పట్టినా వదలరు. అప్పుడప్పుడూ వచ్చి ఒక దారపు ఉండ కొని, దాని మీద అరగంట బేరమాడి, పోతూ పోతూ ఆమెకు ఆరోగ్యం గురించి సలహా ఇస్తారు. లేసు రానివాళ్లు రెండో రకం. వాళ్లకు దిండు కావాలి, దిండుకు ఆనిక కావాలి, కండెలు డజన్ల లెక్కన కావాలి. దారం చిక్కుపడితే విప్పలేక కత్తిరించి పారేసి కొత్తది కొంటారు. సగంలో మానేసినా సరే, కొన్నది కొన్నట్టే. కనుక లేసు రానివాడే లేసుకు మూలస్తంభమని ఆమె సిద్ధాంతం. ఆ స్తంభం ఈ మధ్య ఎక్కడా కనబడడం లేదు. మొదటి రకం వాళ్లను మాత్రం ఏటా ఇద్దరు ముగ్గుర్ని కొండమీది శ్మశానానికి సాగనంపుతున్నారు.

ఇలా ఉండగా తీరప్రాంత హస్తకళల ప్రోత్సాహక మండలి నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఈ అక్టోబరు ఆఖరుకల్లా ప్రారంభకుల తరగతిలో పన్నెండుమంది చేరకపోతే గ్రాంటు ఆపేస్తారు. తరగతి మూసేసి, ఆ గదిని లేసు అనుభూతి కేంద్రంగా మారుస్తారు. అందులో గోడ నిండా తెరలుంటాయి. తెరల మీద చేతులు లేసు అల్లుతూ ఉంటాయి. ఆ చేతులకు జీతం ఇవ్వనక్కరలేదు, తుమ్ములు రావు.

ఎర్మీనియా ఆ ఉత్తర్వు చదివి, దుకాణం చుట్టూ ఒకసారి చూసుకుంది. తెరల మీది చేతులు దారం కొనవు. ఎదుటి తలుపు మూతబడితే తన తలుపు ఎన్నాళ్లు తెరిచి ఉంటుందో లెక్కవేసుకోవడానికి ఆమెకు కాగితం కూడా అవసరం కాలేదు.

మేయర్‌గారు వెంటనే రంగంలోకి దిగారు. కొరున్యా నగరం నుంచి ఒక ప్రకటనల కంపెనీని పిలిపించారు. ఆ కుర్రాళ్లు రెండు రోజులు ఊళ్లో తిరిగి, రేవులో పీతలూ రొయ్యలూ తిని, ఒక పోస్టరు తయారుచేశారు. అందులో ఒక చక్కని పిల్ల గాలికి జుట్టు ఎగురుతుండగా, ఐస్‌క్రీమ్ పుల్ల పట్టుకున్నట్టు ఒక కండెను పట్టుకుని సముద్రం వైపు చూస్తూ నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలతో "నీ వేళ్లలో ఒక సముద్రం!" అని ఉంది. దిండూ దారమూ ఎక్కడా లేవు. అవి ఉంటే జనం భయపడతారని కంపెనీవారి పరిశోధనలో తేలింది.

పోస్టర్లు ఊరంతా అంటించారు. బస్సు వెనక కూడా ఒకటి అంటించారు. ఫలితంగా రెండు ఫోన్లు వచ్చాయి. ఒకాయన ఆ పిల్ల పేరేమిటని అడిగాడు. ఇంకొకావిడ సముద్రం బొమ్మ చూసి చేపల దుకాణమనుకుని, సార్డీన్లు తాజావేనా అని అడిగింది.

తరవాత ఉచిత ప్రదర్శన పెట్టారు. వచ్చినవారికి కాఫీ, ట్యూనా కూరిన రొట్టె, బాదం కేకు ఇస్తామన్నారు. గది కిక్కిరిసిపోయింది. లేసు పంతులమ్మ ఒబ్దూలియా, నలభై ఏళ్లుగా ఆ గదిలోనే పాఠం చెబుతున్న మనిషి, దిండు ఒళ్లో పెట్టుకుని కండెలు కదిలించడం మొదలుపెట్టింది. టకటకమని ఆ చప్పుడు వినగానే జనం కళ్లు మూసుకుని పరవశించిపోయారు. కళ్లు తెరిచేసరికి కేకు అయిపోయింది. ఇక ఉండవలసిన పని కనిపించక అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

ఇక మిగిలింది ఇంటింటికీ వెళ్లి అడగడం. ఎర్మీనియా, కొంచా కలిసి బయలుదేరారు. ఈ కొంచా అనే ఆవిడ ఊళ్లోకెల్లా సన్నని లేసు అల్లుతుంది, ఊళ్లోకెల్లా మోటుగా మాట్లాడుతుంది. తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ వాళ్లకు ఘనస్వాగతం లభించింది. ప్రతి తల్లీ మా అమ్మ అల్లిన టేబుల్ గుడ్డ చూడండంటూ బీరువా తెరిచి కన్నీళ్లు పెట్టుకుంది.

"ఈ కళ పోతే మన ఊరు ఊరే కాదు ఎర్మీనియా," అంది ఒక తల్లి.

"అదే కదా. మరి మీ అమ్మాయిని పంపు."

"మా అమ్మాయినా?" ఆ తల్లి కన్నీళ్లు ఠక్కున ఆగాయి. "అది బ్యాంకు పరీక్షకి చదువుకుంటోంది. నడుం వంచుకుని కూర్చుంటే దాని వెన్నెముక ఏం కావాలి? మా అమ్మకి చివర్లో కళ్లే కనపడేవి కాదు."

"అయితే నువ్వు రా."

"నాకు టైమెక్కడిది? మధ్యాహ్నం సీరియల్ అయ్యేసరికే నాలుగవుతుంది. అయినా నాకెందుకే, చిన్నవాళ్లు నేర్చుకోవాలి గాని."

బయటికొచ్చాక కొంచా ఉమ్మేసింది. "చిన్నవాళ్లంట! ఎవరి చిన్నవాళ్లు? పక్కింటివాళ్ల చిన్నవాళ్లు. పక్కింటికెళ్తే వాళ్లు ఈ ఇంటి వైపు చూపిస్తున్నారు."

"నీ కూతురో మరి?" అంది ఎర్మీనియా.

"నా కూతురు దంతవైద్యం చదూతోంది," అంది కొంచా. ఇద్దరూ పక్క వీధిలోకి తిరిగారు. ఎర్మీనియా కొడుకు కొరున్యాలో ఇన్సూరెన్సు అమ్ముతాడు. ఆ సంగతి కొంచా ఎత్తలేదు. స్నేహమంటే అదే.

అక్టోబరు చివరి వారంలో నిర్వహణ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పేర్లిచ్చినవాళ్లు ఎవరూ లేరని ఎర్మీనియా నివేదించింది. మేయర్‌గారు నిట్టూర్చి, ఈ తరానికి వేర్లంటే లెక్కలేదని ఒక ఉపన్యాసం ఇచ్చారు. అది పదిహేను నిమిషాలు సాగింది. ఆయన కుమార్తెలు ఇద్దరూ మాద్రిదులో ఉంటారు.

ఉపన్యాసం నడుస్తుండగానే కొంచా చెయ్యెత్తింది. "మేమే చేరిపోతే పోలా?"

"మీకు లేసు వచ్చు కదమ్మా," అన్నారు మేయర్‌గారు.

"వచ్చని ఎక్కడుంది? మాకెవరైనా కాగితం ఇచ్చారా? మా అమ్మ నేర్పింది. నెత్తిన మొట్టికాయలేసి నేర్పింది. మొట్టికాయకి సర్టిఫికెట్ ఇవ్వరుగా."

న్యాయశాస్త్రం చదివిన మేయర్‌గారు ఈ వాదనలోని బలాన్ని వెంటనే గ్రహించారు. ఊళ్లో ఏ ఆడమనిషికైనా లేసు వచ్చునని ధ్రువీకరించే పత్రం ఏ దస్త్రంలోనూ లేదు. ప్రభుత్వం దృష్టిలో పోర్తో మౌరేలోలో ఎవరికీ లేసు రాదు. కనుక వాళ్లను ప్రారంభకులుగా చేర్చుకోవడం అబద్ధం కాదు. చేర్చుకోకపోవడమే, పత్రాలు లేకుండా అనుభవాన్ని ఆపాదించిన నేరమవుతుంది.

పదిమంది అక్కడికక్కడే చేరారు. పదకొండో పేరు ఎర్మీనియాది. ఆమె అమ్మమ్మ పెళ్లిముసుగు లేసు ఒక చర్చిలో అద్దాల పెట్టెలో ఉంది. ఎర్మీనియా అల్లిన మెడపట్టీలు పారిస్ వరకూ వెళ్లాయి. ఆమె దరఖాస్తులో ఇంటిపేరు దగ్గర ఇంటిపేరు, అనుభవం దగ్గర "లేదు" అని పూర్తిచేసి సంతకం పెట్టింది. ఇంకొక్కరు తక్కువయ్యారు.

ఆ ఒక్కడూ గడువు ముగిసే రోజు సాయంత్రం తనంతట తానే తలుపు తోసుకుని వచ్చాడు. కొరున్యా బస్సు నడిపే సెల్సో. యాభై దగ్గరపడిన మనిషి, తలుపు నిండా ఉంటాడు.

"పోస్టరు చూసి వచ్చానక్కా," అన్నాడు.

"ఏ పోస్టరు?" అంది ఎర్మీనియా. పోస్టరు చూసి ఎవరైనా వస్తారన్న సంగతి ఆమె అప్పటికి మరిచిపోయింది.

"నా బస్సు వెనక అంటించారుగా, అదే. రోజూ కడుగుతున్నా దాన్ని. అందరికీ ఆహ్వానం అని ఉంది. కొరున్యాలో మధ్యాహ్నం మూడు గంటలు ఊరికే కూర్చోవాలి. మిగతా డ్రైవర్లు పేకాడతారు, నాకు పేక రాదు. మా అమ్మ అల్లుతుంటే చిన్నప్పుడు పక్కన కూర్చునేవాణ్ణి. మగపిల్లాడివి నీకెందుకురా అని తరిమేసేది. ఇప్పుడు తరమడానికి ఆవిడ లేదు."

ఎర్మీనియా అతని చేతుల వంక చూసింది. ఒక్కొక్క వేలూ ఒక కండె అంత లావుంది. ఆమె గుండె ఆనందంతో నిండిపోయింది. ఇన్నేళ్లకు నిఖార్సయిన రెండో రకం మనిషి. గడ్డి కూరిన దిండు, చెక్క ఆనిక, కండెలు, సూదులు, అట్ట, మూడు ఉండల దారం, దారం చిక్కుపడితే పనికొస్తుందని ఇంకో మూడు, అన్నీ కట్టి ఇచ్చింది. సెల్సో బేరమాడలేదు. ఆ రాత్రి ఆమె చాలా కాలం తరవాత హాయిగా నిద్రపోయింది.

సాయంత్రం తరగతులు మొదలయ్యాయి. పదకొండుమంది ప్రారంభకులు ఇంటి దగ్గర చేసే పనే ఇక్కడికి తెచ్చుకుని చేసుకుంటూ, ఊళ్లో ఎవరెవరు విడిపోబోతున్నారో చర్చించుకునేవారు. పన్నెండో ప్రారంభకుడు మూలన కూర్చుని నాలిక పళ్ల మధ్య పెట్టుకుని చెమటోడ్చేవాడు. కుడి కండెల జతను ఎడమ జత మీదుగా దాటించమంటే మొత్తం జతలన్నీ కలిపి జడ వేసేవాడు. విప్పేవాడు. మళ్లీ వేసేవాడు. ఒకనాడు ఏ చిక్కూ లేకుండా వేలెడు పొడవు అల్లి, దాన్ని పైకెత్తి చూసుకుని పెద్దగా నవ్వాడు. ఒబ్దూలియా పంతులమ్మ కూడా నవ్వింది. ఆమె ఆ గదిలో నవ్వి చాలా ఏళ్లయింది. ఎందుకంటే లేసు వచ్చినవాళ్లకు నేర్పడానికి ఏముంటుంది?

డిసెంబరులో మండలి నుంచి కబురొచ్చింది. లెయాంద్రో అనే అధికారి స్వయంగా వచ్చి ప్రారంభకులను పరిశీలిస్తారట. ప్రారంభకుల చేతులు ఎలా తడబడతాయో ఆయన కళ్లారా చూస్తారు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఎదురైంది. తడబడడం ఎవరికీ రాదు.

ఒబ్దూలియా పంతులమ్మ ప్రత్యేక తరగతులు పెట్టింది. "సూది పక్క కన్నంలో గుచ్చండి. మెలి ఒకటి వదిలెయ్యండి," అని చెప్పేది. వాళ్లు వదిలేసేవారు. అయిదు నిమిషాల తరవాత చూస్తే వదిలేసిన మెలి దానంతట అది వచ్చి కూర్చునేది. చెయ్యి ఊరుకోదు. కొంచా అయితే ఒక తప్పు చేసి, దాన్ని అలా వదిలేసి ఇంటికి వెళ్లి, అన్నం సహించక, వాన కురుస్తుండగా గొడుగేసుకుని తిరిగొచ్చి సరిచేసి పోయింది.

"తప్పు చెయ్యడం కూడా చేతకాదేమే మీకు?" అని పంతులమ్మ విరుచుకుపడింది.

"ఎలా చెయ్యమంటావు పంతులమ్మా? మా అత్త చూస్తే చంపేస్తది."

"మీ అత్త చచ్చి పదేళ్లయింది."

"అయినా చూస్తది," అంది కొంచా.

అప్పుడు ఎవరికో సెల్సో గుర్తొచ్చాడు. ఆడవాళ్లందరూ తమ దిండ్లు ఎత్తుకుని అతని చుట్టూ చేరారు. అతడు ఎక్కడ తప్పుతున్నాడో, ఎలా తప్పుతున్నాడో శ్రద్ధగా గమనించారు. "ఆగు ఆగు, ఇప్పుడు చేసింది మళ్లీ చెయ్," అని బతిమాలారు. చరిత్రలో ఒక డ్రైవరు దగ్గర లేసు తప్పులు నేర్చుకున్న తొలి బృందం వారిదే. ఇబ్బందేమిటంటే సెల్సో రోజురోజుకూ నేర్చుకుంటున్నాడు. నిన్న చేసిన తప్పు ఇవాళ చెయ్యడం లేదు.

"కాస్త నెమ్మదిగా నేర్చుకోరా నాయనా," అంది కొంచా. "నీ వేగం మాకు అందడంలేదు."

లెయాంద్రోగారు ఒక వాన రోజున విచ్చేశారు. సన్నని మనిషి, మెడలో కళ్లద్దాల గొలుసు. మేయర్‌గారు స్వాగతోపన్యాసంలో లేసును నురగతోనూ, వెన్నెలతోనూ, తల్లి ప్రేమతోనూ పోల్చారు. కప్పులోంచి కారుతున్న నీటి కింద పెట్టిన బాల్చీని సముద్ర సంగీతమన్నారు. తరవాత ప్రారంభకులు పని మొదలుపెట్టారు.

మొదటి పది నిమిషాలూ అంతా సవ్యంగా జరిగింది. కండెలు కిందపడ్డాయి. దారాలు చిక్కుపడ్డాయి. కొంచా అందరికీ వినబడేలా "అయ్యో, ఎంత కష్టం!" అంది. ఇంతలో లెయాంద్రోగారు వచ్చి సరిగ్గా వాళ్ల భుజాల వెనక నిలబడ్డారు. వాళ్లకు కంగారు పుట్టింది. ఆ ఊరి ఆడవాళ్లకు కంగారు పుడితే చేతులు ఒకే పని చేస్తాయి. పడవలు తుపానులో చిక్కుకున్న రోజుల్లో వాళ్ల తల్లులు కిటికీ దగ్గర కూర్చుని అదే చేసేవారు. వేళ్లు తమంతట తాము పరిగెత్తడం మొదలుపెట్టాయి. గది నిండా కండెల చప్పుడు వడగళ్ల వానలా లేచింది. అంచులు విసనకర్రల్లా విచ్చుకున్నాయి, పూరేకులు తేలాయి, సాలీడు గళ్లు పడ్డాయి. పదకొండుమంది ప్రారంభకులు తమ చేతుల వంక తామే భయంగా చూస్తూ కూర్చున్నారు.

లెయాంద్రోగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "నెలన్నరలో..." అన్నారు. "నెలన్నరలో ఇంత! ఏ పద్ధతిలో నేర్పారమ్మా?"

"మామూలు పద్ధతేనండి," అంది ఒబ్దూలియా.

"ఇంత వినయమా!" అని ఆయన మరింత కదిలిపోయారు. ఎర్మీనియా ఊపిరి పీల్చుకుంది. తరగతి దక్కింది. దుకాణం దక్కింది.

అప్పుడు ఆయన మూల దాకా వెళ్లారు. సెల్సో వంగి, నాలిక బయటపెట్టి, మూడు రోజులుగా అల్లుతున్న సన్నని పట్టీ మీద పనిచేస్తున్నాడు. అంచు ఒకచోట లోపలికి పోయింది, ఒకచోట బయటికి వచ్చింది. మధ్యలో ఉండకూడని కన్నం ఉంది. అయినా అది లేసే.

"ఇతనికి ఏమైంది?" అన్నారు లెయాంద్రోగారు.

బాల్చీలో నీటి చుక్కలు పడుతున్నాయి. అందరూ ఎర్మీనియా వైపు చూశారు. ఆమె కార్యదర్శి కదా.

సెల్సోయే తల ఎత్తాడు. "ఏం కాలేదండి. నాకింకా రాదు. అందుకే వచ్చాను."

"రానివాళ్లంతా ఇలా వచ్చేస్తే తరగతి స్థాయి ఏం కావాలి?" అన్నారు లెయాంద్రోగారు, బాధగానే. "చూడండి, మీ పక్కనున్నవాళ్లు కూడా మీతోపాటే మొదలుపెట్టారు. మీరే ఎందుకు వెనకబడ్డారో ఎప్పుడైనా ఆలోచించారా?"

సెల్సో పక్కనున్నవాళ్ల వైపు చూశాడు. వాళ్లందరూ అతని బస్సులో కొరున్యా వెళ్లి లేసు అమ్ముకుని వచ్చేవాళ్లే. వాళ్ల లేసు పెట్టెలు బస్సు మీదికెక్కించింది అతనే. అతడు నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. ఎర్మీనియా ఒక్క మాట అన్నా చాలు. ఒకవైపు పదకొండు పేర్లు, గ్రాంటు, ఎదుటి తలుపు. ఇంకోవైపు ఒక దిండు, కొన్ని కండెలు, ఆరు ఉండల దారం. ఆమె వ్యాపారస్తురాలు. తూకం వెయ్యడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"అందరూ ఒక్కలా ఉండరు కదండీ," అంది ఎర్మీనియా.

సెల్సో మళ్లీ తల వంచుకుని సూది తీసి సరైన కన్నంలో గుచ్చాడు.

మండలి నివేదిక కొత్త సంవత్సరంలో వచ్చింది. పన్నెండుమందిలో పదకొండుమంది అసాధారణ ప్రతిభ చూపారనీ, ఒక అభ్యర్థికి సహజమైన అభిరుచి లోపించిందనీ, తరగతి ప్రమాణాలను కాపాడే నిమిత్తం అతని స్థానాన్ని అర్హులకు కేటాయించాలనీ అందులో ఉంది. ఈ విధంగా ప్రారంభకుల తరగతి నుంచి, పని రాదన్న కారణం మీద, అందులో ఉన్న ఏకైక ప్రారంభకుణ్ణి తొలగించారు. ఖాళీ అయిన కుర్చీలో మేయర్‌గారి పిన్ని చేరింది. ఆమెకు ఎనభై రెండేళ్లు. ఆమె కూడా చాలా త్వరగా నేర్చుకుంది.

గ్రాంటు రెట్టింపయింది. పైకప్పు బాగుచేశారు. పోర్తో మౌరేలో పద్ధతి అని దానికి పేరు పెట్టి, మూడు రాష్ట్రాల నుంచి బృందాలు వచ్చి చూసి వెళ్లాయి. కొత్తవాళ్లను ఆకర్షించడం ఎలా అన్న విషయం మీద ఒబ్దూలియా పంతులమ్మను సదస్సులకు పిలవడం మొదలుపెట్టారు. ఆమె విమానాల్లో తిరుగుతుండడం వల్ల తరగతులు జరగడంలేదు. దాని వల్ల విద్యార్థుల ప్రగతికి ఎలాంటి భంగమూ కలగలేదని తదుపరి నివేదిక సంతృప్తి ప్రకటించింది.

వచ్చిన బృందాలన్నీ ఎర్మీనియా దుకాణంలోకి వచ్చేవి. దిండ్లు కొనలేదు. లేసు కొనలేదు, ఖరీదన్నారు. చిన్న ప్లాస్టిక్ కండె వేలాడే తాళంచెవుల గొలుసులు ఉన్నాయా అని అడిగారు. లేవని రెండుసార్లు అంది. మూడోసారి తెప్పించి పెట్టింది. బాగా పోతున్నాయి. అద్దాల అరలోంచి దిండ్లు తీసి లోపలి గదిలో పెట్టింది.

ఒక ఆదివారం పొద్దున సెల్సో దిండు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"వెనక్కి ఇచ్చెయ్యడానికి కాదులే అక్కా, భయపడకు," అన్నాడు. "ఒకచోట ఆగిపోయా. మూల తిరిగే చోట జతలు మిగిలిపోతున్నాయి. ఏం చెయ్యాలో తెలీడం లేదు. తరగతిలో రానివ్వరుగా. నువ్వు చూపించు. ఆదివారాలు బస్సు లేదు. ఇక్కడే ఏ మూలో కూర్చుంటా."

అతడు దిండును బల్ల మీద పెట్టాడు. ఎర్మీనియా ఒక్క చూపులో చూసింది. మూల దగ్గర సూదిని ముందే తీసేశాడు, అంతే. ఆ సూది మళ్లీ గుచ్చి జతను వెనక్కి తిప్పితే సరిపోతుంది. ఆమె చెయ్యి అప్పుడే ముందుకు వెళ్లింది. ఎదురుగా తరగతి గది ముందు ఒక బృందం దిగుతోంది. ముందు లెయాంద్రోగారు నడుస్తున్నారు. ప్రారంభకులుగా నమోదైనవారు మూడేళ్లపాటు ఇతరులకు నేర్పరాదని మండలి నిబంధన. రానిది ఎలా నేర్పుతారన్నది వారి ప్రశ్న. న్యాయమైనదే.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకు రాదు సెల్సో," అంది.

సెల్సో నవ్వాడు, ఎగతాళేమో అనుకుని. "రాదేంటక్కా? నా పెళ్లికి మా ఆవిడ తలమీద ముసుగు అల్లింది నువ్వేగా! రెండేళ్లు పట్టిందన్నావు."

"అప్పుడు వచ్చు," అంది ఎర్మీనియా, వీధి వైపు చూస్తూ. "ఇప్పుడు నేర్చుకుంటున్నా."

అతడు కాసేపు నిలబడ్డాడు. ఊళ్లో ఇంకెవరిని అడగాలా అని ఆలోచిస్తున్నట్టున్నాడు. ప్రారంభకులుగా నమోదైన పన్నెండుమందీ ఒక్కొక్కరే గుర్తొచ్చి ఉంటారు. దిండు తీసుకుని వెళ్లిపోయాడు. కొరున్యాలో మధ్యాహ్నాలు పేక నేర్చుకుంటున్నాడని తరవాత కొంచా చెప్పింది. అక్కడి డ్రైవర్లు బాగా నేర్పుతున్నారట. పేక రానివాళ్లను కూడా కూర్చోనిస్తారట.

వచ్చే ఏడాదికి ప్రవేశాలు మొదలయ్యాయి. స్థాయి పడిపోకుండా మండలి ఒక చిన్న అర్హత పెట్టింది. ప్రారంభకుల తరగతిలో చేరదలచినవారికి కనీసం ఇరవై ఏళ్ల అనుభవం ఉండాలి. అలాంటివాళ్లు నానాటికీ తగ్గిపోతున్నారు. ఈ చలికాలం మేయర్‌గారి పిన్నితో కలిపి ఇద్దరిని కొండమీదికి సాగనంపారు. అందువల్ల ఖాళీలు నింపడానికి గౌరవ ప్రారంభకులన్న కొత్త విభాగం తెరిచారు. లేసు పట్ల అభిమానం ఉంటే చాలు, ఏ దేశంవారైనా, ఏ భాషవారైనా సరే. ఇంత దూరం చదివి, అయ్యో, ఇంత మంచి కళ పోకూడదే అని ఒక్కసారైనా అనుకున్నవారందరూ అర్హులే. అనుకుని ఉంటారనే నమ్మకంతో ఎర్మీనియా మీ పేరు కూడా చేర్చేసింది. మీరు వెళ్లనక్కరలేదు. వెళ్లి కండె పట్టుకుంటేనే ఇబ్బంది.